మొదటి లైనులోనే తప్పు

ఛాయాదేవికి వర్క్ పర్మిట్ కార్డు వచ్చిందని తెలియగానే అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఆమెను ఎరిగినవాళ్ళంతా తలా ఒక సలహా పట్టుకొచ్చారు. ఒకావిడ డేకేర్ పెట్టమంది. ఇంకొకావిడ శనాదివారాల్లో పిల్లలకు సంగీతం చెప్పమంది. ఛాయాదేవికి పాట రాదన్న సంగతి ఆవిడకు పెద్ద అడ్డంకిగా తోచలేదు. భర్త జగన్మోహన్ మాత్రం, "కాస్త నింపాదిగా చూసుకుందాంలే, తొందరేముంది" అన్నాడు. ఛాయాదేవి అందరి మాటా విన్నది, అందరికీ కాఫీ ఇచ్చి పంపించింది, మర్నాడు పొద్దున్నే ఉద్యోగాలకు అప్లై చేయడం మొదలుపెట్టింది.

అది 2015వ సంవత్సరం, వీసా మీద వచ్చిన భార్యల్లో కొందరికి పని చేసుకునే అనుమతి అప్పుడే కొత్తగా ఇచ్చారు. పదకొండేళ్ళ క్రితం జగన్మోహన్ హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద వస్తే, ఆమె అతని వెంట హెచ్-ఫోర్ మీద వచ్చింది. ఆ వీసా మీద వచ్చినవాళ్ళు వండొచ్చు, కారు నడపొచ్చు, పిల్లల్ని పెంచొచ్చు, ఊరందరికీ సాయపడొచ్చు, పని మాత్రం చేయకూడదు. పైన చెప్పినవేవీ పని కావని తేల్చిన మహానుభావులెవరో గానీ, వాళ్ళ ఇళ్ళలో వంట దానంతటదే అయ్యేది కాబోలు. రాజమండ్రిలో ఎమ్‌సీఏ చదివి, హైదరాబాద్‌లో మూడేళ్ళు ప్రోగ్రామర్‌గా చేసిన మనిషి ఆ పదకొండేళ్ళలో బయటి పని అంటూ చేసింది ఒక్కటే. ఊళ్ళోని తెలుగు సంఘం మూడు నెలలకోసారి వేసే పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా టైపు చేసిపెట్టేది. దానికి సంఘంవాళ్ళు ఏటా ఉగాదినాడు ఒక శాలువా కప్పేవారు.

ముప్ఫై ఒక్క కంపెనీలు ఆమె రెజ్యూమె చూసి, మధ్యలో ఇంత ఖాళీ ఏమిటని అడిగి, మళ్ళీ మాట్లాడలేదు. ముప్ఫై రెండోది హికరీ క్రీక్ డేటా అని, పాతికమంది పనిచేసే చిన్న కంపెనీ. అక్కడి మేనేజరు డేల్ అని, కోళ్ళ ఫారంలో పుట్టి పెరిగి కంప్యూటర్లలోకి వచ్చినవాడు. భారీ మనిషి, మాట పొదుపు. ఖాళీ సంగతి ఆయనా అడిగాడు. ఇంట్లో ఉన్నానని ఆమె చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "మూడు వారాలు ట్రయల్. ఒక పని ఇస్తాను. అక్టోబరు చివరి శుక్రవారం సాయంత్రం ఐదింటికి అది పూర్తయితే ఉద్యోగం నీది. కాకపోతే థాంక్యూ చెప్పుకుందాం" అన్నాడు.

ఛాయాదేవికి ఆ ఉద్యోగం కావాలి. ఇల్లు గడవక కాదు, ఊసుపోకా కాదు. ఒక పని మొదట్నుంచి చివరిదాకా తన తెలివితో, తన చేతుల మీదుగా జరగాలి, అది తనే చేసిందని ఇంకొకరు ఒప్పుకోవాలి. ఈ కోరిక ఆమెకు ఆకలంత నిజంగా తెలిసేది. ఇంతకాలం దాని గురించి ఎవరికీ చెప్పుకోలేదు, చెప్తే నవ్వుతారని భయం.

ఇక ఆ పని ఏమిటంటే, ఆ ఊరిని పోషిస్తున్న పెద్ద రిటైల్ కంపెనీకి సరుకు అమ్ముకునే చిన్న చిన్న వ్యాపారులు కొందరు హికరీ క్రీక్ ద్వారా తమ ఆర్డర్లు నడుపుకుంటారు. తేనె అమ్మేవాళ్ళు, చేపల గాలాలు చేసేవాళ్ళు, కుక్క బిస్కట్లవాళ్ళు, అంతా కలిపి ముప్ఫై ఎనిమిది మంది. వాళ్ళ కంప్యూటరు ఒక్కోటీ పెద్ద కంపెనీ కంప్యూటరు తలుపు తట్టినప్పుడల్లా, నేను ఫలానా అని ఒక గుర్తింపు కాగితం చూపించాలి. దాన్నే సెక్యూరిటీ సర్టిఫికెట్ అంటారు. ఆ కాగితానికి జోడీగా ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. అదీ కంప్యూటరులో ఒక ఫైలే, కానీ దాని యజమాని దగ్గర తప్ప మరెక్కడా ఉండకూడదు. పాత సర్టిఫికెట్లు కాలం చెల్లిన పద్ధతిలో చేసినవి కాబట్టి, నెలాఖరు దాటితే తలుపు తెరుచుకోదు. అన్నిటినీ కొత్తగా చేయాలి. తాళంచెవీ, సర్టిఫికెట్‌కు దరఖాస్తూ తయారుచేసి, తాళంచెవిని దాని యజమాని కంప్యూటరుకే చేర్చడం ఛాయాదేవి వంతు, దరఖాస్తు సరిచూసి కంపెనీ ముద్ర వేయడం డేల్ వంతు.

పాతవి చేసినవాడు పద్మనాభం అనే కాంట్రాక్టర్. సర్టిఫికెట్ చేసే ప్రోగ్రాము ఒకచోట 'మీ పేరు' అని అడుగుతుంది. దానికి కావలసింది కంప్యూటరు పేరు. పద్మనాభం మర్యాదస్తుడు, అడిగినచోటల్లా తన పేరే చెప్పాడు. ఆయన డాలస్ వెళ్ళిపోయి మూడేళ్ళయినా, తొమ్మిది కంపెనీల యంత్రాలు ఇప్పటికీ పద్మనాభాన్నంటూ తలుపు తడుతున్నాయి. ఇన్నాళ్ళూ అవతలివాళ్ళు చూసీ చూడనట్టు పోనిచ్చారు, ఇకమీదట పోనివ్వరట. ఇది చూసి ఛాయాదేవి కడుపుబ్బ నవ్వుకుని, తన చేతిలో మాత్రం ఒక్క అక్షరం తప్పు పోకూడదని గట్టిగా అనుకుంది.

మొదటి రెండు వారాలూ వివరాలు పోగుచెయ్యడానికే సరిపోయాయి. ముప్ఫై ఎనిమిది మందికీ స్వయంగా ఫోన్ చేసింది. ఆమె యాస వాళ్ళకు, వాళ్ళ యాస ఆమెకు పట్టుబడటానికి ఒకటికి రెండుసార్లు మాట్లాడాల్సి వచ్చింది. రూత్ అనే తేనె అమ్మే పెద్దావిడైతే కంప్యూటరంటేనే హడలిపోయేది. "మీ తాళం మీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు, భయపడకండి" అని ఛాయాదేవి ఆవిడకు ఓపిగ్గా నచ్చజెప్పింది.

ఆఖరి వారం సోమవారంనాడు అసలు పనికి కూర్చుంది. ప్రోగ్రాముకు ఏమేం కావాలో రాసిపెట్టే ఫైలు ఒకటుంటుంది, కాన్ఫిగ్ ఫైలంటారు. వంటకు ముందు కొలతలు రాసుకున్న చీటీలాంటిది. కాంట్రాక్టర్లు ఎవరూ దాన్ని కొత్తగా రాయరు. వెనకటివాడు వదిలివెళ్ళినదాన్ని కాపీ చేసుకుని, పేర్లు మార్చుకుని, మిగతాది ఎందుకుందో అడక్కుండా వాడేస్తారు. ఆ 'మీ పేరు' ఎందుకుందో అడక్కుండా అలా వాడబట్టే పద్మనాభం చిరంజీవి అయ్యాడు. ఛాయాదేవి ఆ దారిన పోలేదు. నోట్‌ప్యాడ్‌లో తెల్ల పేజీ తెరిచి, ప్రతి లైనూ ఎందుకో తెలుసుకుంటూ తనే టైపు చేసింది. అందరికీ పనికొచ్చే మూసగా ఒక ఫైలు ముందు తయారుచేసి, అది నడిస్తే మిగతావి చేయాలని ఆలోచన.

తెల్ల పేజీ కనబడితే ఆమె చెయ్యి ముందు చేసే పని ఒకటుంది. పైన శ్రీ అని రాస్తుంది. పచారీ చీటీ మీదా రాస్తుంది, కూతురి స్కూలుకు పంపే సెలవు చీటీ మీదా రాస్తుంది. ఆ ఫైలు పైనా విండోస్‌లోని తెలుగు కీబోర్డుతో శ్రీ అని కొట్టింది. ముందు హ్యాష్ గుర్తు పెట్టింది, ఆ గుర్తు ఉన్న లైను ప్రోగ్రాము చదవదని ఆమెకు తెలుసు. సేవ్ చేసి, ప్రోగ్రాము నడిపింది. మొదటి లైనులో సమానం గుర్తు లేదని అది తప్పు చూపించి ఆగిపోయింది.

చదవని లైనులో తప్పేమిటి? మళ్ళీ నడిపింది. అదే మాట. సాయంత్రం అయిదు దాకా అదే మాట. చివరికి ఆ ఫైలునూ, కస్టమర్ల వివరాలున్న పట్టికనూ యూఎస్‌బీలో వేసుకుని ఇంటికి తెచ్చింది. ఇది ఆమె చేసిన మొదటి పొరపాటు, అప్పుడు ఆమెకది పొరపాటని తోచలేదు.

"ఏమండీ, ఇది ఒకసారి చూడండి. ఏం చేసినా రన్ అవట్లేదు."

జగన్మోహన్ పద్దెనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఇదేంటి ఛాయా, కాన్ఫిగ్ ఫైల్‌లో శ్రీ?"

"కామెంట్ లెండి. హ్యాష్ పెట్టాను కదా."

"మొదటి లైన్‌లో ఎర్రర్ అంటోంది. మొదటి లైన్‌లో ఉన్నది అదేగా. తీసెయ్."

పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న పదిహేనేళ్ళ కూతురు సంహిత తలెత్తి, "అమ్మా, కంప్యూటర్‌కి దేవుడు తెలీదు" అంది తన అమెరికా తెలుగులో.

ఛాయాదేవి మనసొప్పకపోయినా ఆ లైను తీసేసి, సేవ్ చేసి, మళ్ళీ నడిపింది. మళ్ళీ అదే మాట, మొదటి లైనులో సమానం గుర్తు లేదట. ఇప్పుడు మొదటి లైనులో ఉన్నది అక్కడ ఉండాల్సిన మాటే. తండ్రీకూతుళ్ళ మొహాలు ఒకేసారి చిన్నబోయాయి.

జగన్మోహన్ కాసేపు గడ్డం గోక్కుని, "అంజయ్య అని ఒకతనున్నాడు, అమీర్‌పేట్‌లో. మా టీమ్‌లో సగం మందికి అతనే జాబ్ సపోర్ట్. పంపిస్తే ఒక్కరోజులో చేసిపెడతాడు" అన్నాడు.

జాబ్ సపోర్ట్ అంటే ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఉద్యోగం ఒకరిది, పని ఇంకొకరిది. ఇక్కడ ఆఫీసులో తల పట్టుకున్న పనిని హైదరాబాద్‌లో ఒకతను చేసి పంపిస్తాడు, ఇక్కడివాడు తన పనిగా చూపించుకుంటాడు.

"వద్దండీ."

"అందరూ చేసేదే."

"చేస్తే చేయనివ్వండి. డేల్ ఆ పని అంజయ్యగారికి ఇవ్వలేదు, నాకిచ్చాడు."

ఆమె గొంతు విని జగన్మోహన్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదని పెళ్ళయిన కొత్తలోనే అతనికి తెలిసివచ్చింది.

మంగళవారం, బుధవారం ఆమె ఆ ఫైలుతో కుస్తీ పట్టింది. పేరు మార్చింది, చోటు మార్చింది, ప్రోగ్రామునే తీసేసి మళ్ళీ పెట్టింది. ఇంటర్నెట్‌లో తనలాగే ఏడ్చినవాళ్ళ మొరలన్నీ చదివింది, అందులో సగం మందికి సమాధానమే రాలేదు. ఇలా లాభం లేదని, ఫైలులో సగం కోసి నడిపింది. అదే తప్పు. ఉన్న సగంలో సగం కోసింది. అదే తప్పు. తప్పు ఎక్కడో లోపల ఉంటే, కోస్తూపోతే ఎప్పటికైనా అది పోయే ముక్కలో పోవాలి కదా. బుధవారం సాయంత్రానికి తలప్రాణం తోకకొచ్చింది. దారిలో డేల్ ఎదురై, "శుక్రవారానికి అవుతుందా?" అన్నాడు. "అవుతుంది" అంది. ఎలా అవుతుందో ఆమెకు తెలీదు, కాదని చెప్పడం మాత్రం నోటికి రాలేదు.

గురువారం పొద్దున టోస్ట్ మీద వెన్న రాసుకుంటూ జగన్మోహన్, "ఒకసారి నీ మెయిల్ చూసుకో" అన్నాడు. అతని మొహంలో, పుట్టినరోజు కానుక దాచినవాడి సంబరం కనబడుతోంది.

మెయిల్ తెరిచింది. అంజయ్య దగ్గర్నుంచి వచ్చిన ఒక ఫోల్డరు. అందులో ముప్ఫై ఎనిమిది తాళంచెవులు, ముప్ఫై ఎనిమిది దరఖాస్తులు. ఆమె ఇంట్లో వదిలిన యూఎస్‌బీ లోంచి జగన్మోహన్ మంగళవారమే అన్నీ పంపించేశాడన్నమాట.

ముందు ఆమెకు కోపం రాలేదు. హాయిగా అనిపించింది. మూడు రోజులుగా బిగుసుకున్న భుజాలు దిగాయి. ఇవి తీసుకెళ్ళి డేల్ ముందు పెడితే చాలు, సాయంత్రానికల్లా ఉద్యోగం తనది. ఆ హాయి ఒక అరనిమిషం ఉండి ఉంటుంది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆ అరనిమిషానికి ఆమె సిగ్గుపడింది.

అప్పుడామె కళ్ళు ఆ ఫోల్డరులో రూత్ పేరు మీద ఆగాయి. రూత్ తాళంచెవి. అది అమీర్‌పేట్‌లో తయారై, మెయిల్లో ప్రయాణం చేసి వచ్చింది. వెంటనే అంజయ్యకు ఫోన్ కలిపింది. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరవుతోంది, వెనక బస్సుల మోత వినబడుతోంది.

"అంజయ్యగారూ, మీరు చేసిన కీస్ మీ దగ్గర ఇంకా ఉన్నాయా?"

"ఏం టెన్షన్ తీస్కోకుర్రి మేడమ్" అన్నాడు అంజయ్య ఎంతో ఆప్యాయంగా. "అన్నిటికీ నా దగ్గర బ్యాకప్ ఉంటది. మీ దాంట్ల పోయినా గానీ ఎప్పుడంటే అప్పుడు మళ్ల పంపిస్త. ఆరేండ్ల సంది ఎవ్వలయీ డిలీట్ జెయ్యలే."

అతను దొంగ కాదు, మంచివాడే, అదే ఇంకా భయంగా ఉంది. తీసేయమని బతిమాలింది. తీసేస్తానన్నాడు. తీశాడో లేదో ఇక్కడ కూర్చుని ఎవరు చూడొచ్చారు. ఫోన్ పెట్టేసరికి అప్పటిదాకా రాని కోపం ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

"నన్నడక్కుండా ఎందుకు పంపారు?"

"నీ కష్టం చూడలేక పంపాను. అన్నీ కరెక్ట్‌గా ఉన్నాయి కదా. ఎవరికి తెలుస్తుంది ఛాయా?"

"తేనె అమ్మే ఆవిడకి నేను ఫోన్‌లో మాటిచ్చాను, మీ తాళం మీ దగ్గర తప్ప ఎక్కడా ఉండదని. అమీర్‌పేట్‌లో ఒక బ్యాకప్ ఉంటుందని చెప్పలేదు. ఇంకో సంగతి. నాకు చేతకాదని మీరు సోమవారం సాయంత్రమే తేల్చేసుకున్నారు. నేనింకా తేల్చుకోలేదు."

ఆమె అతని కళ్ళముందే ఆ ఫోల్డరంతా తుడిచేసింది, మెయిలు తుడిచేసింది, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. కారు తాళాలు తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది. దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే నడిపింది.

బుధవారం కోసుకుంటూ పోయిన ఫైలు ముందు మళ్ళీ కూర్చుంది. ఇప్పుడందులో మిగిలింది ఒక్కటే లైను. రెండు చదరపు బ్రాకెట్లు, మధ్యలో చిన్న మాట, అటూ ఇటూ ఖాళీలు. లెక్కపెడితే ఏడు అక్షరాల చోటు. నడిపితే ఇంకా మొదటి లైనులోనే తప్పంటోంది. ఊరికే ఫైలు వివరాలు తెరిచి సైజు చూసింది. ఇంగ్లీషు అక్షరానికి ఒకటి చొప్పున ఏడు ఉండాలి, పది అని ఉంది.

ఏడు కొడితే పది ఎలా అయింది? పత్రికలో కాలమ్‌కు సరిపడా అక్షరాలు లెక్కపెట్టీ పెట్టీ ఉన్న మనిషి ఆమె, లెక్క తప్పదు. అయినా మూడుసార్లు లెక్కపెట్టింది. ఏడే. మూడు ఎక్కువున్నాయి, కంటికి కనబడట్లేదు.

మూడు అనగానే ఆమెకు ఒక పాత అవమానం గుర్తొచ్చింది. పత్రిక మొదలుపెట్టిన ఏడాది, ఉగాది సంచికలో ప్రతి వ్యాసం నెత్తినా మూడేసి పిచ్చి గుర్తులు అచ్చయ్యాయి. సంఘం ప్రెసిడెంటు కేశవరావుగారు సభలో అందరిముందూ, "ఈ బీజాక్షరాలేంటమ్మా, జపం చేసుకోవాలా?" అని అడిగారు. ఆ రాత్రి ఆమెకు నిద్రపట్టలేదు. తర్వాత ప్రెస్సువాళ్ళను అడిగి తెలుసుకున్నది ఏమిటంటే, నోట్‌ప్యాడ్‌లో మామూలుగా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. తెలుగు నిలిచే పద్ధతిలో సేవ్ చేస్తే, ఫైలు మొట్టమొదట కంటికి కనబడని ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తు తెలియని యంత్రం దగ్గరికి వెళ్తే అది మూడు పిచ్చి గుర్తులై బయటపడుతుంది. అప్పట్నుంచీ ప్రెస్సుకు పంపేముందు ఆ మూడూ కోసేసేది. కానీ కొత్త ఫైలు ఏది సేవ్ చేసినా మాత్రం, ఆమె చెయ్యి తనంతట తనే తెలుగు పద్ధతినే ఎంచుకునేది.

సోమవారం కూడా చెయ్యి అలాగే ఎంచుకుంది, ఆ గుర్తు హ్యాష్‌కు కూడా ముందు కూర్చుని లైనును చెడగొట్టింది. శ్రీ తీసేసినా, శ్రీ కోసం పెట్టిన గుర్తు అక్కడే ఉండిపోయింది. తర్వాత ఎన్నిసార్లు సేవ్ చేసినా నోట్‌ప్యాడ్ ఆ పద్ధతినే పట్టుకుని వేలాడింది. ఎంత కోసినా మిగిలేది ఎప్పుడూ మొదటి లైనే మరి.

మామూలు పద్ధతి ఎంచుకుని సేవ్ చేసింది. సైజు ఏడు. నడిపింది. తెర మీద వేరే ఏదో తప్పు వచ్చింది. ఫలానా వివరం దొరకలేదట. నిజమే, ఆ వివరం ఉన్న లైను బుధవారం ఆమే కోసింది. తప్పు మారింది. ఛాయాదేవి రెండు చేతులతో నోరు మూసుకుని కుర్చీలోనే ఊగిపోయింది.

అటుగా పోతున్న డేల్ ఆగాడు. "అయిందా?"

"లేదు, కొత్త ఎర్రర్ వచ్చింది" అంది ఆమె మొహం ఇంత చేసుకుని. డేల్ ఆమె వంక కాసేపు చూసి, ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి కోసిన లైన్లన్నీ ఒక్కొక్కటే తిరిగి పెట్టి, మూస ఫైలు పూర్తిచేసింది. శుక్రవారం పొద్దున ఎనిమిది కొట్టకముందే కూర్చుంది. ఒక్కో వ్యాపారి వివరాలు పట్టికలోంచి తీసుకోవడం, ఫైలులో పెట్టడం, పైకి చదువుకోవడం, కంప్యూటరు పేరు మళ్ళీ సరిచూడటం, అప్పుడు నడపటం. ఒకేసారి ముప్ఫై ఎనిమిదీ చేసే ఉపాయం ఉందని ఆమెకు తెలుసు. కానీ పద్మనాభం తొమ్మిదిసార్లు పప్పులో కాలేసింది అలాంటి హడావిడిలోనే. మధ్యాహ్నం లంచ్ డబ్బా తెరవలేదు. కుక్క బిస్కట్లాయన కంప్యూటరు పేరు తప్పిచ్చాడని పన్నెండింటికి పట్టుకుని, ఫోన్ చేసి సరిచేసుకుంది. దరఖాస్తులు తయారైనవి తయారైనట్టు డేల్‌కు పంపుతుంటే ఆయన ముద్ర వేస్తూపోయాడు. ముప్ఫై ఎనిమిదోది నాలుగూ ముప్ఫై నాలుగుకు పూర్తయింది.

డేల్ తన గదిలోకి పిలిచి, ఒక కాగితం ముందుకు తోశాడు. ఉద్యోగం ఇస్తున్నట్టు రాసిన కాగితం. పక్కన పెన్ను పెట్టాడు.

ఛాయాదేవి పెన్ను ముట్టుకోలేదు. "దీనికి ముందు మీకు ఒక విషయం చెప్పాలి" అంది. ఇంగ్లీషులో ఇంత పొడుగ్గా ఆమె ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. కస్టమర్ల పట్టికను తనే ఇంటికి తీసుకెళ్ళింది. అది ఇండియాలో ఒకతనికి వెళ్ళింది. అతను తాళాలన్నీ చేసి పంపాడు. ఒక్కటీ వాడలేదు, అన్నీ తుడిచేసింది. ఈ ముప్ఫై ఎనిమిదీ ఇక్కడ, తను చేసినవి. కానీ పట్టిక బయటికి వెళ్ళిన మాట నిజం. భర్త పంపాడని చెప్పలేదు, తన వల్ల వెళ్ళిందనే చెప్పింది.

డేల్ కాగితం వెనక్కి లాక్కుని సొరుగులో పెట్టాడు. ఆయన కంప్యూటరు వైపు తిరిగి, ఆ రోజు తయారైన ఫైళ్ళన్నీ తెరిచి, వాటి పక్కనున్న టైములు ఒక్కొక్కటే చూశాడు. ఎనిమిదీ పది. ఎనిమిదీ ఇరవై ఒకటి. ఎనిమిదీ ముప్ఫై ఎనిమిది. అలా సాయంత్రం దాకా.

"అతను చేస్తే ఎంతసేపు పట్టి ఉంటుంది?"

"అన్నీ కలిపి రెండు నిమిషాలు."

"నీకు రోజంతా పట్టింది."

"అవును."

"ఈ జాబ్ సపోర్ట్ సంగతి నాకు తెలుసు. ఇద్దర్ని పంపించేశాను. ఇద్దరూ చివరిదాకా తామే చేశామన్నారు." ఆయన సొరుగు మూసేశాడు. "పట్టిక బయటికి వెళ్ళింది కాబట్టి ఇవాళ ఈ కాగితం ఇవ్వలేను. ఇంకో నెల ట్రయల్. సోమవారం పొద్దున ముప్ఫై ఎనిమిది మందికీ ఫోన్ చేసి, జరిగింది నువ్వే చెప్తావు. ఎవరైనా తిడితే పడాలి."

"పడతాను" అంది ఛాయాదేవి.

ఇంటికొచ్చేసరికి జగన్మోహన్ టీ కాచిపెట్టి, గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నిన్నట్నుంచీ అపరాధిలా తిరుగుతున్నాడని సంహిత ముందే మెసేజ్ పెట్టింది. ఆమె కూర్చుని, టీ తాగుతూ జరిగిందంతా చెప్పింది. నెల ట్రయల్ దగ్గరికి వచ్చేసరికి అతను ఉండబట్టలేకపోయాడు.

"అన్నీ అయ్యాక, కాగితం చేతికొచ్చాక, ఎందుకు చెప్పావు ఛాయా? కాస్త నోరు మూసుకుని ఉంటే ఈపాటికి పర్మనెంట్ అయిపోయేదానివి."

"నోరు మూసుకుని పదకొండేళ్ళున్నాను కదండీ" అంది ఆమె నెమ్మదిగా. "ఏం పర్మనెంట్ అయ్యాను?"

జగన్మోహన్ చేతిలో కప్పు కింద పెట్టి, ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు.